కారు సన్‌రూఫ్ గ్లాస్ ఇంటి దగ్గరే మార్పించుకోవాలంటే: పగిలిన క్షణం నుంచి మొదటి వాన దాకా

సన్‌రూఫ్ గ్లాస్ పగిలితే ఎవరైనా ముందు అడిగేది "గ్లాస్ ఎంతవుతుంది?" అనే. అడగాల్సిందే, కానీ ఈ పనిలో గ్లాసు బిగించడం తేలికైన భాగం. పగిలిన ముక్కల్ని ట్రాకుల్లోంచి (గ్లాసు జరిగే పట్టాల్లోంచి) పూర్తిగా తీయడం, కొత్త గ్లాసును రూఫ్‌తో సమానంగా కూర్చోబెట్టడం, నీళ్లు పోయే పైపులు మూసుకుపోలేదని తేల్చుకోవడం: కష్టమంతా ఇక్కడే. వారం తర్వాత వాన పడ్డప్పుడు సీటు తడిసిందంటే, చాలాసార్లు తప్పు కొత్త గ్లాసుది కాదు, దాని చుట్టూ చెయ్యకుండా వదిలేసిన పనిది.

మెకానిక్ ఇంటికే వచ్చి మార్చే సర్వీసులో ఒక మంచి సౌకర్యం ఉంది. వర్క్‌షాపులో అద్దాల గది అవతల కూర్చోకుండా, పక్కనే నిలబడి చూడొచ్చు. ఏం చూడాలో తెలిసుంటే పని నాణ్యత మీ చేతుల్లోనే ఉంటుంది.

పగిలిన వెంటనే

చాలా కార్ల సన్‌రూఫ్‌కి వాడేది టెంపర్డ్ గ్లాస్. 600 డిగ్రీలు దాటేలా వేడి చేసి, గాలితో ఒక్కసారిగా చల్లార్చి తయారు చేస్తారు. దాంతో పై పొర బిగుసుకుపోతుంది, లోపలి పొర లాగుతూ ఉంటుంది. మామూలు గాజుకన్నా చాలా గట్టిది, కానీ అంచు దగ్గర చిన్న దెబ్బ తగిలినా ఆ బిగువంతా ఒకేసారి తెగిపోతుంది. మొత్తం గ్లాసు పటిక ముక్కల్లా చిన్న చిన్న తునకలైపోతుంది. ముందు అద్దం లామినేటెడ్ కాబట్టి రాయి తగిలితే బీట పడి ఆగుతుంది, చిన్న మచ్చయితే రెసిన్ నింపి బాగు చేస్తారు. టెంపర్డ్‌కి ఆ అవకాశం లేదు. మార్చడం ఒక్కటే దారి.

కారణాలు మనవైపు కొత్తేమీ కావు. లారీ టైరు విసిరిన రాయి, కడుతున్న అపార్ట్‌మెంట్ పైనుంచి పడ్డ పెచ్చు, కొబ్బరి చెట్టు కింద పార్కింగ్, వేసవిలో వడగళ్లు. ఏ దెబ్బా తగలకుండా పగలడం కూడా ఉంది. తయారీలో గాజులో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు ఏళ్ల తర్వాత మెల్లగా ఉబ్బి లోపలి నుంచే పగలగొడుతుంది. ఎప్పుడో అంచున పడ్డ నెర్రె ఎండకి తెగి పగలడమూ జరుగుతుంది. కారు కొత్తదై, దెబ్బ తగిలిన గుర్తు ఎక్కడా లేకపోతే ముందు ఫోటోలు తీసి షోరూంలో చూపించండి. వారంటీలో గాజుకి మినహాయింపు ఉండటం మామూలే, అయినా అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడంలో నష్టం లేదు.

నడుస్తున్న కారులో పగిలితే కంగారుపడి బ్రేకు తొక్కకండి. మెల్లగా ఎడమవైపు ఆపండి. ఆపాక మూడు పనులు అసలు చేయకూడదు.

సన్‌రూఫ్ స్విచ్ ముట్టుకోకూడదు. తెరిచినా మూసినా ముక్కలు ట్రాకుల్లోకి ఈడ్చుకుపోతాయి, మోటారు బిగుసుకుపోతుంది. ఒక గ్లాసుతో పోయే ఖర్చు మొత్తం మెకానిజం దాకా పోవచ్చు.

షేడ్ (గ్లాసు కింద లోపలివైపు ఉండే తెర) మూసి ఉంటే తెరవకూడదు. ముక్కలన్నీ దాని మీదే ఆగి ఉంటాయి, తెరిస్తే తల మీద పడతాయి. పిల్లలు వెనక కూర్చుని ఉంటే ముందు వాళ్లని దింపండి.

ఏసీ బ్లోయర్ వేయకూడదు. డ్యాష్‌బోర్డు మీద ముందు అద్దం దగ్గరి సందుల్లో పడ్డ తునకలు గాలికి ఎగిరి కళ్లలోకి వచ్చే ప్రమాదం ఉంది. వాక్యూమ్ చేసేదాకా దాన్ని ఆపే ఉంచండి.

తర్వాత ఫోటోలు. నంబర్ ప్లేటు కనిపించేలా ఒకటి, రూఫ్ పైనుంచి ఒకటి, లోపలి నుంచి ఒకటి, దెబ్బ తగిలిన చోటుంటే దగ్గరగా ఇంకొకటి. గ్లాసు మూలన కంపెనీ ముద్ర ఉన్న ముక్క దొరికితే పారేయకండి. కొత్త గ్లాసు ఆర్డర్ చేసేటప్పుడు అది పనికొస్తుంది.

మెకానిక్ వచ్చేదాకా పైన కప్పాలి. బ్రౌన్ ప్యాకింగ్ టేప్ పెయింటు మీద అంటిస్తే ఎండకి జిగురు కరిగి అట్టే ఉండిపోతుంది. దానికన్నా వెడల్పాటి మందపు పాలిథిన్ షీటు రూఫ్ మీద పరిచి, రెండు కొసల్నీ తలుపుల లోపలికి మడిచి తలుపులు మూసేయడం మేలు. టేప్ తప్పదంటే మాస్కింగ్ టేప్ వాడండి. ఇలా కప్పిన కారుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించకండి. ఆ వేగానికి షీటు చిరిగిపోతుంది, ఫ్రేములో మిగిలిన ముక్కలు వెనక వచ్చే బైకుల మీద పడతాయి.

ఇంటి దగ్గర అయ్యే పనేనా?

అన్ని సన్‌రూఫ్‌లూ ఇంటి దగ్గర మార్చేవి కావు. ఫోన్ చేసే ముందే ఇది తేల్చుకోండి.

ఎక్స్‌టర్‌లో ఉన్నట్టు ఒకే చిన్న పలక ఉంటే, దాన్ని రెండు పక్కలా బోల్టులతో మెకానిజం చేతులకి బిగిస్తారు. పాత పలక విప్పి కొత్తది పెట్టడం పార్కింగ్‌లో చక్కగా అయ్యే పని. శుభ్రం చేయడంతో కలిపి గంటన్నర, రెండు గంటలు వేసుకోండి.

క్రెటా, హెక్టర్, ఎక్స్‌యూవీ700 పై వేరియంట్ల లాంటి పనోరమిక్‌లో రెండు పలకలుంటాయి. ముందుది కదిలేది, వెనకది స్థిరంగా ఉండేది. పగిలింది కదిలే పలకైతే అదీ బోల్టుల పనే. స్థిరంగా ఉండే పలకని మాత్రం సాధారణంగా ముందు అద్దం లాగే పాలీయురేథేన్ జిగురుతో అంటిస్తారు. పాత జిగురు కోసి, అంచు శుభ్రం చేసి, ప్రైమర్ రాసి, కొత్త జిగురు పూసి అంటించాలి. దుమ్ము, చినుకులు లేని చోటుండాలి, ఆరేదాకా కారు కదలకూడదు. కప్పు, తగినంత ఎత్తు ఉన్న పార్కింగ్ ఉంటే ఇంటి దగ్గర చేయించుకోవచ్చు. జూలై వానల్లో ఆరుబయట చేస్తామంటే ఒప్పుకోకండి.

ట్రాకు వంగినా, ఫ్రేము నొక్కుకుపోయినా, మోటారు కదలకపోయినా అది వర్క్‌షాపు పనే. అప్పుడు లోపలి రూఫ్ లైనింగ్ దించాలి. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారులో అవి రూఫ్ అంచుల వెంబడే ఉంటాయి. పార్కింగ్‌లో స్క్రూడ్రైవర్‌తో లైనింగ్ లాగుతామనే వాళ్ల చేతికి కారు ఇవ్వడం మంచిది కాదు. చెట్టుకొమ్మ లాంటి బరువైనది పడిన కారైతే ముందే వర్క్‌షాపుకి తీసుకెళ్లండి.

ఇన్సూరెన్స్ లెక్క

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారు గ్లాసుకి ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ లేదా ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండాలి. భాగాలు పాతబడినందుకు క్లెయిమ్‌లో కోసే తరుగుదల నియమం ఇక్కడ మనకి అనుకూలమే. గాజు భాగాలకి తరుగుదల కోయరు. రబ్బరు, ప్లాస్టిక్, నైలాన్ భాగాలకి మాత్రం 50 శాతం కోస్తారు. కాబట్టి బిల్లులో గ్లాస్ వేరుగా, బీడింగ్ (గ్లాసు చుట్టూ ఉండే రబ్బరు), క్లిప్పులు వేరుగా రాస్తే, జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేనివాళ్లకి ఆ కోత చిన్న భాగాలకే పరిమితమవుతుంది. 1500 సీసీ వరకు కార్లకి 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 తప్పనిసరిగా మన జేబులోంచి పోతుంది.

అసలు ఆలోచించాల్సింది నో క్లెయిమ్ బోనస్ గురించి. క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో తగ్గించే ఈ బోనస్ (ఎన్‌సీబీ) ఏడాదికేడాది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకి పడిపోవచ్చు. ఉదాహరణకి మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుందాం. 50 శాతం బోనస్ ఉంటే వచ్చే ఏడాది 6,000 మిగలాలి. క్లెయిమ్ చేస్తే అది పోతుంది, ఆ తర్వాతి ఏడాది 20 శాతం నుంచి మళ్లీ మొదలు. గ్లాసు ఖర్చు తక్కువైతే చేతి నుంచి పెట్టుకోవడమే లాభం కావచ్చు. ఎన్‌సీబీ ప్రొటెక్షన్ తీసుకున్నవాళ్లకి ఈ బెంగ ఉండదు. గ్లాసు ఒక్కదానికే చేసిన క్లెయిమ్‌ని కొన్ని కంపెనీలు బోనస్ లెక్కలోకి తీసుకోవు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పాలసీలో ఎలా ఉందో కనుక్కోండి.

క్లెయిమ్ చేయాలనుకుంటే గ్లాసు మార్చకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయాలి, వాళ్లు ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాలి. క్యాష్‌లెస్ వాళ్ల నెట్‌వర్క్‌లో ఉన్నచోటే కుదురుతుంది. ఇంటికొచ్చే సర్వీసు ఆ జాబితాలో లేకపోతే ముందు మీరు కట్టి తర్వాత తీసుకోవాలి. ఎవరైనా కావాలని పగలగొట్టారనిపిస్తే పోలీసు ఫిర్యాదు కాపీ దగ్గరుంచుకోండి.

బుక్ చేసేటప్పుడు

"క్రెటా సన్‌రూఫ్" అంటే సరిపోదు. ఒకే మోడల్లో ఏడాదిని బట్టి, వేరియంట్‌ని బట్టి గ్లాసు మారుతుంది. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఇచ్చి, దాని ప్రకారం పార్ట్ నంబర్ తీయమనండి. తీసుకున్న ఫోటోలన్నీ పంపండి. షేడ్ బాగుందా, మోటారు శబ్దం చేస్తుందా అని అడిగితే మోటారు సంగతి తెలియదని చెప్పండి గానీ, తెలుసుకోవడానికి స్విచ్ నొక్కకండి.

కొటేషన్‌లో ఏమేం కలిసున్నాయో విడివిడిగా రాయించుకోండి: గ్లాస్, దానితోపాటు బీడింగ్ వస్తుందా లేదా, లేబర్, ఇంటికి రావడానికి చార్జీ, ముక్కలు వాక్యూమ్ చేయడం, జీఎస్టీ. లీకేజీకి వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద ఉండాలి. తక్కువ ధర చెప్పేవాళ్లు చాలాసార్లు పాత బీడింగ్‌నే మళ్లీ పెడతారు. కొన్నేళ్లు ఎండలో మగ్గిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, కొత్త గ్లాసుకి సరిగ్గా అతుక్కోదు. ఆ కొంచెం డబ్బు దగ్గర బేరం వద్దు.

గ్లాసు స్టాకులో లేకపోతే తెప్పించడానికి రోజులు పట్టొచ్చు. విదేశాల నుంచి పూర్తిగా తయారై వచ్చిన కార్లకి ఇంకా ఆలస్యం. ఈలోపు కారుని కప్పు కింద పెట్టుకోండి.

చోటు సంగతి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఎండ, వాన, గాలి ఉండవు, అది మంచిదే. కానీ కొన్ని సెల్లార్ల సీలింగ్ చాలా కిందికి ఉంటుంది. రూఫ్ మీద నుంచి గ్లాసు ఎత్తి దించడానికి మనిషి స్టూలు మీద నిలబడగలగాలి. రెండు పక్కలా తలుపులు పూర్తిగా తెరుచుకోవాలి. నేల సమంగా ఉండాలి, దగ్గర్లో ప్లగ్ పాయింటు, వెలుతురు, నీళ్ల కుళాయి కావాలి. వాచ్‌మన్‌కి, అసోసియేషన్‌కి ముందే చెప్పి విజిటర్ పార్కింగ్ అడిగితే ఆ రోజు టెన్షన్ ఉండదు.

మెకానిక్ వచ్చిన రోజు

పెట్టె తెరవగానే మీరు చూడాల్సింది కొత్త గ్లాసు మూలనున్న ముద్ర. తయారీదారు పేరు ఉంటుంది. మన దేశంలో పెద్ద కంపెనీలు ఏఐఎస్ (అసాహి ఇండియా గ్లాస్), సెయింట్-గోబెన్ సెక్యూరిట్. వాహనాల సేఫ్టీ గ్లాస్‌కి ఐఎస్ 2553 ప్రమాణం ఉంది కాబట్టి ఐఎస్‌ఐ గుర్తు ఉందేమో చూడండి. రంగు, మూలల గుండ్రం పాతదానిలాగే ఉన్నాయా, అంచున చిన్న పెచ్చు కూడా ఊడలేదు కదా అని చూడండి. టెంపర్డ్‌కి అంచే ప్రాణం. అంచు దెబ్బతిన్న గ్లాసుని వెనక్కి పంపించండి, "బీడింగ్ లోపలికి పోతుంది సార్, కనపడదు" అన్నా సరే.

తర్వాత ఆయన సీట్లు, డ్యాష్‌బోర్డు కప్పి, రూఫ్ అంచుల పెయింటు మీద టేప్ వేయాలి. ఫ్రేములో మిగిలిన ముక్కలు పైనుంచే తీయాలి, లోపలికి నెట్టకూడదు.

ఇక్కడ తొందరపడనివ్వకండి. రెండు పక్కలా ట్రాకుల్లో గ్రీజు ఉంటుంది, ఆ గ్రీజుకి ఇసుక రేణువంత గాజు పొడి అంటుకుని ఉంటుంది. వాక్యూమ్ పైపు తిప్పితే పెద్ద ముక్కలు వస్తాయి గానీ ఈ పొడి రాదు. బట్టతో పాత గ్రీజంతా తుడిచేసి, బ్రష్‌తో మూలలు కెలికి, మళ్లీ వాక్యూమ్ పెట్టి, ఆ తర్వాతే కొత్త గ్రీజు రాయాలి. పాత గ్రీజు మీదే కొత్తది రాస్తే ఆ పొడి ఆకురాయిలా పనిచేసి ప్లాస్టిక్ స్లయిడర్లని అరగదీస్తుంది. సన్‌రూఫ్ తెరవగానే ముందువైపు లేచే గాలి అడ్డు ఉంటుంది కదా, దానికి జాలీ ఉంటే అందులోనూ ముక్కలు చిక్కుకుంటాయి. చుట్టుకునే షేడ్ అయితే మడతల్లో ఉంటాయి. మొబైల్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూడండి, గాజు పొడి మెరుస్తుంది.

ఆ తర్వాత డ్రెయిన్ పైపులు. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, సన్‌రూఫ్ బీడింగ్ నీళ్లని పూర్తిగా ఆపదు, ఆపేలా తయారు చేయలేదు కూడా. కొంత నీరు లోపలికి దిగుతుంది. గ్లాసు కింద చుట్టూ ఉన్న కాలువలో చేరి, సాధారణంగా నాలుగు మూలల నుంచి సన్న పైపుల ద్వారా, రూఫ్‌ని మోసే స్తంభాల లోపలినుంచి కిందికి పోతుంది. పగిలిన గాజు ఆ పైపు మూతిలో పడితే నీళ్లు ఆగి, రూఫ్ లైనింగ్ మీదుగా కారులోకి వస్తాయి. గ్లాసు ఇంకా బిగించకముందే ప్రతి మూలలో కాసిని నీళ్లు పోయించండి. ముందు చక్రాల దగ్గర, వెనక చక్రాల దగ్గర కింద కారడం కనిపించాలి. ఏ మూలైనా నీరు నిలిస్తే ఆ పైపు శుభ్రం చేయాలి. ఎక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టనివ్వకండి, లోపల పైపు ఊడిపోతుంది. ఇనుప తీగ పైపుని చీలుస్తుంది. మెత్తని నైలాన్ తాడులాంటిది నెమ్మదిగా దూర్చడం సరైన పద్ధతి.

ఇక గ్లాసు పెట్టడం. బోల్టులు మొదట వదులుగా బిగించి, గ్లాసు మూసి, నాలుగు మూలల్లో ఎత్తు సరిచేయాలి. సాధారణ కొలత ఇది: ముందు అంచు రూఫ్‌తో సమానంగా లేదా ఒక్క మి.మీ. లోపు కిందికి, వెనక అంచు సమానంగా లేదా ఒక్క మి.మీ. లోపు పైకి. ముందు అంచు పైకి లేస్తే గాలి తగిలి విజిల్ వేసినట్టు శబ్దం వస్తుంది. మీరే వేలు అడ్డంగా జరిపి చూడండి, మి.మీ. తేడా వేలికి తెలుస్తుంది. ఒక విజిటింగ్ కార్డు బీడింగ్ మీద పెట్టి గ్లాసు మూసి లాగితే, చుట్టూ అన్నిచోట్లా ఒకే బిగువుతో రావాలి. ఒకచోట జారిపోతే అక్కడ ఎత్తు సరిపోలేదు. అంతా కుదిరాకే బోల్టులు గట్టిగా బిగించాలి, కంపెనీ చెప్పిన టార్క్ (బిగింపు బలం) మేరకే.

చివర రీసెట్. మోటారుకి తెరిచే, మూసే హద్దులు మళ్లీ నేర్పాలి. చాలా కార్లలో స్విచ్‌ని మూసేవైపు కొన్ని సెకన్లు వదలకుండా పట్టుకుంటే గ్లాసు తనంతట తానే లేచి, తెరుచుకుని, మూసుకుంటుంది. మీ కారు పద్ధతి ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పేజీ తీసి చూపించండి. మధ్యలో ఏదైనా అడ్డొస్తే ఆగి వెనక్కి వెళ్లే రక్షణ ఈ రీసెట్ మీదే ఆధారపడుతుంది. పిల్లలున్న ఇంట్లో దీన్ని వదిలేయకూడదు. పని చేస్తోందో లేదో చెయ్యి పెట్టి మాత్రం చూడకండి.

డబ్బు ఇచ్చే ముందు

బోల్టుల గ్లాసైతే అప్పటికప్పుడే నీళ్ల పరీక్ష చేయించండి. కుళాయి పైపుతో పది నిమిషాలు మామూలుగా నీళ్లు పోయాలి, ప్రెషర్ గన్ వద్దు. ఒకరు కారు లోపల కూర్చుని రూఫ్‌కి ముందువైపున్న లోపలి లైట్ల చుట్టూ, స్తంభాల ప్లాస్టిక్ అంచుల్లో, కాళ్ల దగ్గర కార్పెట్ మీద చేత్తో తడిమి చూడాలి. జిగురుతో అంటించిన పలకకి ఈ పరీక్ష అదే రోజు కుదరదు, జిగురు ఆరాక మళ్లీ వచ్చి చేస్తామని బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఖాళీ రోడ్డు మీద గంటకి 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో కాసేపు నడపండి. ఏసీ, పాటలు ఆపేసి వినండి. విజిల్ వినిపిస్తే వెంటనే ఎత్తు సరిచేయించడం సులువు. వెళ్లిపోయాక పిలిస్తే ఆ మనిషి మళ్లీ రావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పలేం.

సీట్ల సందులు, బెల్టు బకిల్స్, చైల్డ్ సీటు ఉంటే దాని కవరు కింద, ఏసీ సందులు మీరు విడిగా ఒకసారి చూసుకోండి. మెకానిక్ శ్రద్ధగలవాడైనా చైల్డ్ సీటు కవరు విప్పి చూడడు.

తర్వాతి రోజులు

బోల్టుల గ్లాసుకి ప్రత్యేకంగా ఆగాల్సింది ఏమీ లేదు. జిగురు గ్లాసుకి మాత్రం ఆగాలి. ఆ జిగురు గాలిలో తేమతో గట్టిపడుతుంది. ఎన్ని గంటల తర్వాత నడపొచ్చు అనేది దాని రకాన్ని, వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ట్యూబు మీద రాసిన సమయమే ప్రమాణం, చూపించమని అడగండి. మొదటి రోజు ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి. అన్నీ మూసి తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి పచ్చి జిగురు కదులుతుంది. గ్లాసు కదలకుండా అంటించిన టేపు మెకానిక్ చెప్పేదాకా తీయొద్దు. రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు.

మొదటి వాన పడ్డాక కారుని ఒకసారి ఎత్తు మీద ముందు చక్రాలు పైకి ఉండేలా, ఇంకోసారి కిందికి ఉండేలా ఆపి లోపల తడి చూడండి. ముందు పైపులు, వెనక పైపులు రెండూ అప్పుడే తేలతాయి. బ్రేకు వేయగానే లోపల రూఫ్ ముందువైపు లైటు దగ్గర్నుంచి నీళ్లు జారితే వారంటీ కింద వెంటనే పిలవండి. లైనింగ్ తడిసి ఎండితే మరక పోదు, తడి లోపలే ఉంటే వాసన పడుతుంది.

వేప, కానుగ చెట్ల కింద పార్క్ చేసేవాళ్లు పూత రాలే రోజుల్లో సన్‌రూఫ్ తెరిచి కాలువలో చేరిన పువ్వుల్ని, ఆకుల్ని తీసేస్తూ ఉండండి. వానాకాలానికి ముందు, అంటే మే చివర్లో, బీడింగ్ తడిగుడ్డతో తుడిచి సన్నగా సిలికాన్ గ్రీజు రాసి, నాలుగు మూలల్లో నీళ్లు పోసి చూసుకోండి.